జానెడున్నర దారం

1937 నవంబరు 14

కృపను మదనపల్లె దగ్గర క్షయ ఆసుపత్రిలో చేర్చి నిన్న సాయంత్రానికి ఇల్లు చేరాను. పోయేటప్పుడు గువ్వలచెరువు ఘాటులో బస్సు ఆగితే దిగి నీళ్లు తాగింది. వచ్చేటప్పుడూ బస్సు అక్కడే ఆగింది. నేను దిగలేదు.

ఆమె చెప్పిన పనులు: బడిలో ఆడపిల్లల కుట్టుపని జ్ఞానమణికి అప్పగించాలి. తెల్ల చీరెలు ఉతికించి పంపాలి. కెమెరాలో రీలు సగంలో ఉంది, ఊరికే పాడుపెట్టకుండా తియ్యాలి. చివరగా ఇంకొకటి. "మీరు ఎవురితోనూ మాట్లాడే మనిషి కాదు. రాసైనా పెట్టుకోండి" అంది. అందుకే ఈ పుస్తకం.

నవంబరు 17

కెమెరా ఆమెది. మిషను దొరసాని తన దేశానికి పోతూ ఇచ్చింది. నల్లటి డబ్బా, ముందు చిన్న అద్దం, వెనక ఎర్ర గాజు కిటికీలో రీలు అంకె కనబడుతుంది. అందరూ మనుషుల్ని తీస్తారు. కృప పురుగుల్ని తీసింది.

పోయిన ఆరుద్ర కార్తెలో వాన పడిన మర్నాడు బడి వెనక చేలో బోర్లా పడుకుని ఆరుద్ర పురుగులను తీసింది. నేల మీద ఎర్రటి మఖమలు ముక్క నడుస్తున్నట్టు ఉంటుంది ఆ పురుగు. ఫోటోలో బూడిదరంగు మసక వచ్చింది. చాలాసేపు చూసి, నేను బడి పిల్లల పుస్తకాలు దిద్దే ఎర్ర సిరాలో పుల్ల ముంచి, మసక నడుమ ఒక చుక్క పెట్టింది.

"ఇప్పుడు ఆరుద్రే" అంది.

ఆ ఫోటో నా బైబిలులో ఉంది.

నవంబరు 23

వాకిలి పక్క కిటికీ చెక్క మీద కందిరీగ మట్టి గూడు మొదలుపెట్టింది. పొద్దున ఎండ అక్కడ బాగా పడుతుంది. నోట మట్టి ఉండ తెచ్చి, పాత అంచుకు ఆనించి, కాళ్లతో సాగదీస్తుంది. మళ్లీ ఎగిరిపోతుంది.

అమ్మ చూసింది. "కోడలు లేని ఇంట్లో ఎవురికోసం కడతాండాదిరా ఇది?" అంది.

ఇంట్లో కందిరీగ గూడు కడితే కోడలు నీళ్లోసుకుంటుందని మా వైపు అనుకుంటారు. ఇంతకు ముందూ మా ఇంట్లో కట్టింది. ప్రతిసారీ అమ్మ ఎవరికీ చెప్పకుండా కృప నెల తప్పిందేమోనని చూసేది. నేడు చీపురు తెచ్చింది. ఉండనీ, కృపకు రాస్తాను అన్నాను.

"దానికి పురుగుల కబుర్లా రాసేది?"

"అదే అడిగింది."

చీపురు మూలన పెట్టింది.

డిసెంబరు 5

కృప రాసింది. వెల్లకిలా పడుకోవాలట, లేవకూడదట. తెల్ల గోడలు, సిమెంటు నేల, పూటకోసారి ఫినాయిలు. "ఒక్క చీమ కూడా రాదు. చూపుకు ఏమీ తగలదు" అని రాసింది. గూడు సంగతి అడిగింది. కందిరీగ పురుగును తెచ్చి లోపల పెట్టిందా అని.

ఆ కథ ఆమె బడిలో చెప్పేది. కందిరీగ ఆకుపురుగును తెచ్చి మట్టిలో పెట్టి మూసి, చుట్టూ తిరుగుతూ పాట పాడుతుంది. ఆ పాట వినీ వినీ పురుగు కందిరీగ అయి రెక్కలతో బయటికి వస్తుంది. ఈ కథ ఊళ్లో అందరికీ వస్తుంది. ఆదివారం బడిలో కృప దానికి పునరుత్థానం కలిపేది. పిల్లలు రెండూ ఒకటే అనుకునేవారు.

గూడును తీసి ఫోటో పంపుతానని రాశాను.

డిసెంబరు 18

కడపకు పోయి వచ్చాను. రీలు కడిగించే లక్ష్మీనరసయ్య శెట్టి అంగడి పెద్ద బజారులో ఉంది. వాళ్లది పప్పుల వ్యాపారం. ఈయనొక్కడే ఫోటోలకు దిగాడు. మెట్టు కింద నిలబడ్డాను. నా ఫోటోలన్నీ పలక మీద పరిచాడు. ఒక్కటీ తెలియలేదు.

"ఏమప్పా అయివారూ, పొగను తీసినావా?"

"కందిరీగ గూడు శెట్టిగారూ."

"గూడా? నేను మీ పల్లె దీపం బుడ్డి అనుకొంటి." బాగా నవ్వాడు. తరువాత డబ్బాను తిప్పి చూశాడు. "దీనికి దూరంది కనపడతాది, దగ్గరది కనపడదు. చత్వారం. మీ పెద్దోళ్లకు చదివే అద్దాలు లేవా? ఒకటి దీని ముక్కుకు తగిలించు."

మాట్లాడుతూనే చేతిలోని పని సాగించాడు. ఎవరో పెళ్లికూతురి గాజు ఫిల్ము. ముఖాన అమ్మవారి మచ్చలు. సన్నటి సీసం పెన్సిలుతో ఒక్కొక్క మచ్చనూ పూడుస్తున్నాడు. "నా అంగట్లోంచి ఆడమనిషి ఫోటో మచ్చతో బయటికి పోదప్పా" అన్నాడు.

డిసెంబరు 19

నాయన అద్దాలు అమ్మ పెట్టెలో ఉన్నాయి. నాయన ఉపదేశి. పల్లె పల్లెకూ తిరిగి బైబిలు చదివి వినిపించేవాడు. అమ్మకు చదువు రాదు. ఆయన పోయాక ఆదివారం మధ్యాహ్నం ఆ అద్దాలు తుడిచి మళ్లీ పెట్టెలో పెడుతుంది, అంతే.

అడిగాను. పెట్టె మూత తీసింది.

"రెండూ కావల్నా?"

"ఒకటి చాలు."

"ఎడమది తీసుకో. కుడి కన్నే ఆయనకు బాగుండె."

డిసెంబరు 27

క్రిస్మసు పండుగ అయింది. గుడిలో ఆడవాళ్ల వైపు పాట సాగలేదు, ఎత్తుకునే మనిషి లేదు.

అద్దాన్ని తేనెమైనంతో కెమెరా ముక్కుకు అంటించాను. వెనక తలుపు తీసి, రీలు ఉండే చోట నూనె కాగితం పెట్టి చూశాను. కిటికీ చెక్క తలకిందులుగా కనబడింది. ముందుకు జరిగితే మసక, వెనక్కి జరిగితే మసక. ఒక్కచోట మాత్రం గూటి మీద కందిరీగ కాళ్ల గుర్తులు కూడా తేలాయి. అంత దూరానికి దారం కొలిచి కెమెరాకు కట్టాను. జానెడున్నర. దారం కొస పురుగుకు తగిలేటట్టు పెట్టి, దారం వదిలేసి, మీట నొక్కాలి. ఊపిరి కూడా పీల్చకూడదు.

1938 జనవరి 20

వచ్చాయి. గూడు వచ్చింది. గూటి మూతి మీద కందిరీగ నడుము దారపు పోగులా వచ్చింది. శెట్టి మూడుసార్లు చూశాడు. "ముసిల్దానికి చూపొచ్చినాది" అన్నాడు.

అన్నీ కృపకు పంపాను.

జనవరి 31

ఆమె ఉత్తరం. ఫోటోలు మంచానికి ఎదురుగా గోడకు అంటించనిచ్చారట. పక్క మంచం ఆలూరు ఆమె అడిగిందట, మీ ఆయన పురుగుల డాక్టరా అని. "ఔనంటిని" అని రాసింది.

ఇంకా కావాలట. చూరు కింద ఇసుకలో గిన్నెలాగా గుంట చేసుకుని అడుగున దాక్కునే పురుగు కావాలట. తుమ్మచెట్టు మీద పచ్చగా మెరిసే జీరంగి కావాలట. పచ్చదనం ఫోటోలో రాదని తెలుసు, అయినా కావాలట.

ఫిబ్రవరి 9

గుంట పురుగు. అర్ధదినం బోర్లా పడుకున్నాను. దారిన పోయే బసవన్న ఎద్దులను ఆపి, "ఏం అయివారూ, ఏమన్నా పారేసుకొంటివా?" అన్నాడు. లేదన్నాను. కాసేపు తనూ వంగి చూసి, "దొరికితే చెప్పప్పా" అని పోయాడు.

ఫిబ్రవరి 10

జీరంగి. ఎగిరిపోయింది.

ఫిబ్రవరి 11

జీరంగి. బడి పిల్లలు దారం కట్టి తెచ్చి ఇచ్చారు. కట్టినది వద్దన్నాను. విప్పి చెట్టు మీద పెట్టి తీశాను. ఆమెకు ఆ తేడా తెలుస్తుంది.

ఫిబ్రవరి 22

ఆసుపత్రికి పోయి వచ్చాను. చూడవచ్చినవాళ్లు మంచానికి దూరంగా స్టూలు మీద కూర్చోవాలి. అది జానెడున్నర కాదు, నాలుగు మూరలు. గోడ నిండా నా పురుగులు. మెడ ఎముకలు తేలాయి. జుట్టు రెండు జడలు వేశారు, చిన్నపిల్లకు మల్లే.

డాక్టరు గదిలోకి పిలిచాడు. రెండో ఊపిరితిత్తికి కూడా పాకింది అన్నాడు. తరువాత ఇంగ్లీషులో ఒక మాట అన్నాడు. నా ఇంగ్లీషు ఎనిమిదో తరగతి దాకానే. సరిగ్గా అర్థమై ఉండదు.

ఆమె దగ్గరికి వచ్చి, ఎండాకాలం దాటితే నయమంటున్నాడని చెప్పాను. అలా కూడా అని ఉండవచ్చు.

మార్చి 3

ఎండ మొదలైంది. గూటి కన్నులన్నీ మట్టితో మూసుకున్నాయి. కందిరీగ రావడం మానేసింది.

మార్చి 6

కృప అడుగుతోంది, లోపలి పురుగుకు రెక్కలు వచ్చాయా అని. వస్తున్నాయి అని రాశాను.

మార్చి 8

నేడు చాకుతో ఒక కన్ను మూత తీశాను. ఎందుకు తీశానో తెలియదు. ఎండ బాగుంది, రీలులో మూడు మిగిలాయి.

లోపల పచ్చటి ఆకుపురుగులు వరసగా పడుకుని ఉన్నాయి. పుల్లతో తాకితే సన్నగా వణికాయి. చావలేదు. కదలలేవు. వాటి నడుమ తెల్లటి, కళ్లు లేని పిల్ల ఒకటి. ఒక పురుగు పక్కలో తల దూర్చి ఉంది. పాట లేదు. పురుగు కందిరీగ కాలేదు. పురుగును తిని కందిరీగ పెరుగుతోంది.

దారం కొలిచి తీశాను. మళ్లీ తడిమట్టితో మూశాను. మట్టి నా వేలంత మందం పడింది, కందిరీగ వేసినట్టు రాలేదు.

ఇది ఆమెకు పంపేది కాదు.

మార్చి 9

గొల్లభామ ఒకటి, చీమల బారు ఒకటి తీసి రీలు పూర్తి చేశాను. పరీక్షలు దగ్గరపడ్డాయి, కడపకు పోను వీలు కాదు. రీలును బస్సు డ్రైవరు లాజరు చేతికిచ్చి శెట్టికి పంపాను.

మార్చి 15

ఆమెకు రాశాను. పురుగుకు రెక్కలు వచ్చాయని, ఒక రోజు పొద్దున మట్టి తొలిచి ఎగిరిపోయిందని. ఒక పుట పట్టింది. ఇంత పొడుగు ఉత్తరం నేను ఎప్పుడూ రాయలేదు.

మార్చి 30

రీలు ఏమైందో శెట్టి నుంచి కబురు లేదు. కృప నుంచి ఉత్తరం లేదు.

ఏప్రిల్ 4

పరీక్షలు. ఉత్తరం లేదు.

ఏప్రిల్ 9

కడపకు పోయాను. శెట్టి నన్ను చూసి సంతోషంగా లేచాడు.

"ఫోటోలు అందినాయంటనా అయివారూ? నువ్వు రాలేకపోతివని నేనే టపాలో ఏసేస్తి. మదనపల్లె ఆసుపత్రికే, అమ్మ పేరుకే. పాపం, మంచంలో ఉండే మనిషి, ఎదురు చూస్తాంటాదని."

"అన్నీనా?"

"అన్నీ. ఒకటి పెట్టి ఒకటి ఆపుతానా? ఆ పురుగులు పండుకొనిండేది ఉండాదే, అది శానా బాగా వచ్చినాది. పెద్దది చేసి పంపిస్తి. దానికి దుడ్లు ఇయ్యద్దులే."

కృతజ్ఞత చెప్పి మెట్టు దిగాను.

ఏప్రిల్ 11

నేడు ఆసుపత్రిలో.

గోడ మీద పాతవన్నీ ఉన్నాయి. ఆ ఒక్కటి ఆమె దిండు కింద ఉంది. నేను కూర్చున్నాక తీసింది.

"ఇది మీరు పంపలేదు కదా."

"శెట్టి పంపినాడు."

"మంచిపని చేసినాడు." చేయి చాపి వెలుతురులో పట్టుకుంది. "ఇవి సచ్చినాయా, బతికుండాయా?"

"బతికే ఉండాయి. కదల్లేవు."

"మా వార్డు మాదిరే." నవ్వింది. నవ్వు దగ్గులోకి పోయింది. నర్సు చూసింది. నేను లేచాను, ఆమె కూర్చోమని చేయి ఊపింది. దగ్గు తగ్గేదాకా కూర్చున్నాను.

"మరి మట్టి తొలుచుకొని ఎగిరిపోయిందని రాస్తిరే."

నేను స్టూలు కాళ్లు చూశాను.

"ఆ ఉత్తరం ఆలూరు ఆమెకు కూడా చదివి వినిపిస్తిని. శానా బాగా రాసినాడంది. ఆ మర్నాడే ఇదొచ్చె." ఫోటోను మళ్లీ దిండు కింద పెట్టింది. "పోయిన తడవ డాక్టరు ఏమన్నాడు?"

"ఎండాకాలం దాటితే…"

"ఆయన అన్నది చెప్పండి."

చెప్పాను. ఇంగ్లీషు మాట ఇంగ్లీషులోనే చెప్పాను. నాకు మొదటి రోజే అర్థమైంది.

ఆమె గోడ కేసి చూసింది. గుంట పురుగు, జీరంగి, గూటి మీద కందిరీగ. పక్క మంచం ఖాళీగా ఉంది, పరుపు చుట్టి పెట్టారు. ఆలూరు ఆమె ఏమైందని అడగలేదు.

"అట్లయితే ఇంటికి తీసకపోండి. ఆరుద్ర దగ్గరికొస్తాండాది. ఈడ సిమెంటు. సిమెంటులో ఆరుద్ర పురుగు రాదు."

"అమ్మను అడగల్ల."

"అడగండి. వద్దంటే నా పేరు చెప్పండి."

ఏప్రిల్ 12

అమ్మకు అంతా చెప్పాను. పొయ్యి ముందు కూర్చుని వింది.

"డాక్టరు అన్న మాట ఇన్ని దినాలు నాకెందుకు చెప్పలేదు?"

"నయమైతాదేమో అని."

"నీకు నయమైతాది అట్లనుకుంటే. దానికెట్ల నయమైతాది." లేచి చాటలో జొన్నలు పోసుకుంది. "తూర్పు పక్క పందిరి వెయ్యి. గాలి తగలల్ల."

మే 8

కృపను తేవడానికి మిషను మోటారు దొరికింది. ఘాటులో ఆపమంది. దిగలేదు, అద్దం దించి కొండ చూసింది. సాయంత్రానికి పందిరి కింద పడుకోబెట్టాం. గిన్నె వేరు, చెంబు వేరు. అందరూ దూరంగా కూర్చోవాలని డాక్టరు కాగితం మీద రాసి ఇచ్చాడు. అమ్మ ఆ కాగితాన్ని జాగ్రత్తగా మడిచి చూరులో దోపింది. తరువాత పోయి మంచం అంచున కూర్చుని కృప జడలు విప్పింది.

మే 10

కృప కిటికీ దగ్గరికి తీసుకుపొమ్మంది. ఎత్తుకుని పోయాను. బరువు లేదు. గూటి కన్నులకు గుండ్రటి చిల్లులు ఉన్నాయి, కందిరీగలు పోయాయి. నేను మూసినది మాత్రం మూసినట్టే ఉంది.

"మందంగా వేస్తిరే" అంది. "అది రాలేకపోయింటాది."

మే 25

వాన లేదు.

జూన్ 1

జ్ఞానమణి ఆడపిల్లలను తెచ్చి దూరంగా నిలబెట్టి పాట పాడించింది. పాట అయ్యాక ఒక పిల్ల అడిగింది, "అమ్మగారూ, కందిరీగ పాట పాడితే పురుగు మారిపోతాదా?" అని. కృప నా కేసి చూసింది.

"లేదు. తినేస్తాది" అంది. "నేను తెలీక చెప్తిని."

పిల్లలకు ఇదే ఎక్కువ నచ్చినట్టుంది. పోతూ పోతూ అదే చెప్పుకున్నారు.

జూన్ 9

మృగశిర వచ్చింది. మబ్బు పట్టి గాలి కొట్టి పోయింది. రాత్రి రక్తం పడింది.

జూన్ 16

వాన లేదు. కెమెరాలో కొత్త రీలు వేసి ఉంచాను. దారం చీమలు కొరికాయి, కొత్తది కట్టాను.

జూన్ 19

వాన లేదు. అమ్మ రెండు కుండల నీళ్లు పందిరి పక్క నేల మీద పోసింది. ఎందుకని అడిగాను. "పురుగులకేం తెలుసు, వానో నేనో" అంది. మధ్యాహ్నానికి నేల ఎండిపోయింది. ఏమీ రాలేదు. కృప దుప్పటి అడ్డం పెట్టుకుని నవ్వింది.

జూన్ 22

ఆరుద్ర. మబ్బులు. వాన లేదు. ఆమె నీళ్లు తప్ప ఏమీ తీసుకోవడం లేదు. నోరు తడిపితే కళ్లు తెరిచి, "వచ్చిందా?" అంటుంది. లేదంటాను. ఇప్పుడు వచ్చిందని చెప్పను.

జూన్ 24

నిన్న చీకటి పడ్డాక వాన. పందిరి కారింది. మంచం అరుగు మీదికి చేర్చాం. ఆమె మేలుకునే ఉంది, వాసన చూస్తూ.

పొద్దున ఎండ వచ్చింది. బడి వెనక చేలోకి పోయాను. ఎర్రమట్టి మీద ఎక్కడ చూసినా ఉన్నాయి. తమలపాకులో ఒకటి పెట్టుకుని తెచ్చాను.

"చేతిలో పెట్టండి" అంది.

లేపి అరుగు అంచున కూర్చోబెట్టాను. ఎడమ అరచెయ్యి చాపి మోకాలి మీద ఆనించింది. పురుగు కాసేపు కాళ్లు ముడుచుకుంది. తరువాత నడిచింది. అరచేతి గీత దాటి, చూపుడు వేలి మొదటికి పోయి ఆగింది.

"తియ్యండి. ఈ తడవ మసక రాకూడదు."

ఎండ చేతి మీద పడింది. దారం పట్టుకుని వంగాను. కొస ఆమె అరచేతికి తగిలింది. ఆమె వేళ్లు సన్నగా వణుకుతున్నాయి. కదిలితే చెడిపోతుందని నేను చెప్పలేదు. తనే ఊపిరి బిగబట్టింది. ఆమెకు ఊపిరి బిగబట్టడం ఎంత కష్టమో నాకు తెలుసు. మీట నొక్కాను.

"అయిందా?"

"అయింది."

ఊపిరి వదిలింది. దగ్గు రాలేదు. పురుగును దించమంది. నేను ఆకు పట్టేలోపల తనే చేతిని అరుగు అంచు దాకా జరిపి, అది మట్టిలోకి దిగేదాకా చూసింది.

జూన్ 29

నిన్న మధ్యాహ్నం కృప పోయింది. అందరూ వచ్చారు. తవ్విన మట్టి ఇంకా తడిగా ఉంది.

జూలై 2

బడికి పోయాను.

జూలై 10

బడి.

జూలై 23

రీలు తీసుకుని కడపకు పోయాను. అందులో ఒక్కటే తీసింది, తక్కిన ఏడూ ఖాళీ. శెట్టి అంత వృథా చేస్తావా అన్నాడు. ఔనన్నాను. కృప సంగతి చెప్పలేదు, ఆయనకు లాజరు చెప్పి ఉంటాడు.

జూలై 30

ఫోటో తెచ్చుకున్నాను.

శెట్టి పలక మీద పెట్టకుండా నా చేతికే ఇచ్చాడు. "అమ్మ చెయ్యే కదప్పా" అన్నాడు మెల్లగా. "శానా బాగా వచ్చినాది. గీతలన్నీ పడినాయి. వేలు మొదట్లో మచ్చొకటి ఉండె. పుట్టుమచ్చో, కడిగేటప్పుడు పడిన మరకో. అమ్మ చేతికి అదెందుకని పెన్సిలుతో పూడ్చేస్తి. చూడు, తెలుస్తాదేమో."

చూశాను. తెలియలేదు. ఖాళీ అరచెయ్యి, వెలుతురు కేసి చాపి ఉంది.

"బాగుంది శెట్టిగారూ" అన్నాను. పురుగని చెప్పలేదు. ఎన్నో ముఖాలు బాగుచేసిన చెయ్యి అది.

జూలై 31

మధ్యాహ్నం ఫోటోను బల్ల మీద పెట్టి ఎర్ర సిరా బుడ్డి తీశాను. కలం పాళీ వద్దు, గీరుకుపోతుంది. చీపురు పుల్ల చెక్కి ముంచాను. ఎక్కడ పెట్టాలో నాకు తెలుసు. చూపుడు వేలి మొదట్లో, గీతకు అవతల.

ఒక్కటే చుక్క. ఉబ్బి నిలిచి మెల్లగా ఇంకింది.

అమ్మ ఆదివారం అని నాయన అద్దాలు తుడుస్తూ ఉంది. లేచి వచ్చి, మిగిలిన ఆ ఒక్క అద్దం కుడి కంటికి పెట్టుకుని చూసింది.

"పాకిపోదు కదా?" అంది.

పోదన్నాను. సిరా ఆరేదాకా ఇద్దరం అక్కడే కూర్చున్నాం.